మానిటర్‌కు పెట్టిన బొట్టు

మహీధర్‌కు కెనడాలో ఏ మనిషీ ఇవ్వని గౌరవం ఒక డొక్కు మానిటర్ ఇచ్చింది. ఆ మాట ముందు చెప్పకపోతే తర్వాత వాడు చేసిన పని మీకు అర్థం కాదు, ఊరికే తిట్టుకుంటారు. తిట్టుకోవద్దని నేను అనను. అంతా విన్నాక తిట్టుకోండి.

వాడిది జగిత్యాల. 2022 జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, అక్కడి కిచెనర్ అనే ఊళ్లో దిగాడు. ఆ ఏడు మన పిల్లలు విమానాల నిండా వచ్చిపడ్డారు. కాలేజీలు సీట్లు ఇచ్చాయి గానీ తల దాచుకోవడానికి గది ఎక్కడ దొరుకుతుందో చెప్పిన పాపాన పోలేదు. తొలి నాలుగు నెలలూ ఒకే ఇంట్లో తొమ్మిది మంది. మహీధర్ పరుపు మెట్ల కింద. బాత్రూమ్‌కు పొద్దున్నే వరుస. చదివేది నెట్‌వర్కింగ్, సాయంత్రాలు చేసేది కాఫీ షాపులో ట్రేలు కడగడం. అక్కడి మేనేజరమ్మకు వాడి పేరు నోరు తిరగక బ్యాడ్జీ మీద "మ్యాట్" అని వేయించింది. మొదట్లో నవ్వుకున్నాడు. నెల తిరిగేసరికి ఆ పేరుకు పలకడం కూడా అలవాటైపోయింది.

ఆ మెట్ల కిందినుంచి వాణ్ణి బయటికి లాగిన మనిషి హైమావతి. గుడిలో ప్రసాదం వడ్డిస్తూ, పులిహోర కోసం మూడోసారి వరుసలో నిలబడ్డ కుర్రాణ్ణి చూసి, "ఎక్కడుంటున్నావు బాబూ?" అని అడిగింది. వాడు చెప్పాడు. వారం తిరక్కుండా తమ ఇంటి నేలకింది బేస్‌మెంట్‌లో వాడికి గది ఇప్పించింది. ఆమె భర్త కోటేశ్వరరావు పక్క ఊరు వాటర్లూలో సాఫ్ట్‌వేర్ మేనేజరు, వారానికి నాలుగు రోజులు ఇంటినుంచే పని. ఆయన ఆఫీసు గది కూడా బేస్‌మెంట్‌లోనే, మహీధర్ గదికి ఎదురుగా. తాళంచెవి ఇస్తూ ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "నా ఆఫీసు గదిలో వస్తువుల జోలికి మాత్రం రావొద్దు. మిగతా ఇల్లు నీదే అనుకో."

హైమావతిది తెనాలి. బీయస్సీ చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పింది. పెళ్లయ్యాక పదమూడేళ్లు టెక్సస్‌లో కాపురం. భర్త వీసా మీద వెళ్లింది కనక అక్కడ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. కెనడా వచ్చి, ఇక్కడే స్థిరపడే హక్కు పీఆర్ చేతికొచ్చాక, నలభై ఆరేళ్ల వయసులో, డేకేర్ టీచర్ కోర్సుకు ఆన్‌లైన్‌లో అప్లై చేసింది. మధ్యాహ్నం భర్త నడకకు వెళ్లిన గంటసేపు ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ అప్లికేషన్‌కు కావాల్సిన వ్యాసాలు టైపు చేసేది. ఏ మెయిలు వచ్చినా, ఏ ఫారం నింపాల్సి వచ్చినా మహీధర్‌నే పిలిచేది. భర్త విసుక్కుంటాడు, కూతురు అనన్య ఇంగ్లీషులో గబగబా చెప్పి పారిపోతుంది. మహీధర్ నిదానంగా చెబుతాడు. "మహీ చెప్పాడంటే ఇంక చూసుకోనక్కర్లేదు" అనేది, వాడి ముందే, అందరితోనూ.

ఇక మానిటర్ సంగతి. ఏదో ఆఫీసు మూసేస్తూ రోడ్డు పక్కన పెట్టేసిన పాతదాన్ని మహీధర్ చంకన పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నాడు. అలాంటి మానిటర్లలో తెర మీద బొమ్మ సెకనుకు అరవై సార్లు కొత్తగా పడుతుంది. దాన్నే రిఫ్రెష్ రేట్ అంటారు. తయారుచేసినవాళ్లు హామీ ఇచ్చేది ఆ అరవైకే. కానీ కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి మనమే ఇంకో అంకె రాసి, అంతకంటే వేగంగా తోలొచ్చు. కొన్ని మానిటర్లు ఒప్పుకుంటాయి, కొన్ని మొరాయిస్తాయి. అప్పటికి ఒప్పుకుని, కాసేపు నిద్రపోయి లేచాక చేతులెత్తేసేవీ ఉన్నాయి. అందుకని ఒక్కో అంకే పెంచుతూ, ప్రతి అంకె దగ్గరా గంటల తరబడి ఆగి చూసుకోవాలి. హైదరాబాద్ హాస్టల్లో వాడి వరండా గదుల్లో ఉన్న మానిటర్లన్నిటికీ ఆ వైద్యం చేసింది మహీధరే. ఈ డొక్కుదాన్ని కూడా ఎనిమిది రోజులు ఓపికపట్టి డెబ్బై అయిదుకు తెచ్చాడు. మౌస్ కదిపితే బాణం గుర్తు నెయ్యి మీద జారినట్టు జారేది. ట్రేలు కడిగొచ్చి ఆ తెర ముందు కూర్చుంటే మ్యాట్ పోయి మహీధర్ మిగిలేవాడు.

ఆ ఏడు దసరా బుధవారం వచ్చింది. కెనడాలో మన పండగలన్నీ శనివారం దాకా ఆగుతాయి కనక, శనివారం మధ్యాహ్నం కోటేశ్వరరావు ఇంట్లో ఆయుధపూజ, ఆరు కుటుంబాలకు భోజనాలు. రెండు వారాల కిందటే ఆయన ఇంత వెడల్పున వంపు తిరిగిన కొత్త మానిటర్ కొన్నాడు. పూజయ్యాక స్నేహితులందరినీ కిందికి తీసుకెళ్లి, కొండల్లో తిరిగొచ్చిన ఫొటోలు దాని మీద చూపించాలని ఆయన సరదా.

పొద్దున పది గంటలకు ఆయన కుర్చీలు అరువు తేవడానికి వెళ్లాడు. హైమావతి పొయ్యి దగ్గర ఉంది. పద్నాలుగేళ్ల అనన్య మహీధర్ గది తలుపు కొట్టి, "కెన్ యూ మేక్ డాడ్స్ మానిటర్ స్మూత్ లైక్ యువర్స్?" అని అడిగింది. వారాంతాల్లో ఆ కంప్యూటర్ మీద ఆటలాడుకునేది ఆ పిల్లే.

ముట్టుకోవద్దన్న మాట వాడికి గుర్తు లేక కాదు. గుర్తుంది. దాని పక్కనే ఇంకో బొమ్మ కూడా కళ్ల ముందు కదిలింది. కోటేశ్వరరావు అంకుల్ అందరి ముందూ మౌస్ కదుపుతాడు. ఇదేంటి ఇంత బాగుంది అంటాడు. అనన్య వేలు చూపిస్తుంది. ఇరవై మంది తలలు తనవైపు తిరుగుతాయి. అప్పటిదాకా ఆ ఇంటికి ఎవరొచ్చినా "మా బేస్‌మెంట్ అబ్బాయి" అనేవారు తప్ప ఇంకో మాట లేదు. ఆ ఒక్క మాట మారుతుందన్న ఆశతో లోపలికి వెళ్లాడు.

డెబ్బై అయిదు కొట్టాడు. పలికింది. అనన్య ముచ్చటపడి, ముస్తాబుకని పైకి పోయింది. అక్కడితో ఆగాడా, లేదు. డెబ్బై ఎనిమిది, ఎనభై, ఎనభై రెండు. తన డొక్కుదానికి ఎనిమిది రోజులు ఆగినవాడు, ఇంకొకరి కొత్తదానికి పది నిమిషాలు కూడా ఆగలేదు. బొమ్మ నిలబడింది. తెరను నిద్రపుచ్చి, చేతులు దులుపుకుని బయటికొచ్చాడు.

పన్నెండింటికి హైమావతి పట్టుచీర కట్టుకుని పళ్లెం పట్టుకుని బయల్దేరింది. కారు స్టీరింగుకు, మిక్సీకి, అనన్య వయొలిన్‌కు గంధం, కుంకుమ పెట్టింది. మహీధర్ లాప్‌టాప్‌కు పెట్టింది. "నీ డ్యూటీ బ్యాడ్జీ ఏదీ, తే" అని అడిగి మరీ ఆ మ్యాట్ పేరు మీద కూడా చిన్న చుక్క పెట్టింది. చివరికి ఆఫీసు గదిలో కొత్త మానిటర్ పైఅంచున మూడు బొట్లు పెట్టి, తమలపాకుతో నాలుగు నీటి చుక్కలు చల్లింది. గంధం కాస్త పల్చనై ఒక చార కిందికి జారింది.

కోటేశ్వరరావు అందరినీ వెంటేసుకుని దిగాడు. మౌస్ కదిపాడు. తెర మీద ఆకుపచ్చ గీతలు రెండుసార్లు తళుక్కుమని, మొత్తం నల్లబడిపోయింది. మళ్లీ కదిపాడు. నలుపే. ఆ గీతలేమిటో ఆ గదిలో తెలిసింది మహీధర్ ఒక్కడికే. ఇరవై రెండేళ్లుగా కంప్యూటర్లతో అన్నం తింటున్న కోటేశ్వరరావుకు మాత్రం పైనుంచి జారిన గంధం చార కనిపించింది. షార్టవుతుందని భయపడి గోడ దగ్గర ప్లగ్గు పీకేశాడు.

"హైమా, దీని మీద నీళ్లు చల్లావా?"

"నాలుగు చుక్కలేనండీ" అంది ఆమె, తలుపు దగ్గర పళ్లెం పట్టుకుని.

"నాలుగు చుక్కలు చాలవా. కరెంటు వస్తువుల దగ్గర తడి చేత్తో పోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? తెలియనప్పుడు ఊరుకోవాలి. ప్రతిదానికీ బొట్టు, ప్రతిదానికీ నీళ్లు."

ఆ మాటలతో గదిలో పడ్డ ఇబ్బంది తీర్చడానికన్నట్టు, ఆయన స్నేహితుడు విశ్వనాథం, "పోనీలేవోయ్, మా చెల్లెమ్మ మానిటర్‌కు అభిషేకం చేసింది, పుణ్యం వస్తుంది" అన్నాడు. అందరూ భళ్లున నవ్వారు. హైమావతి కూడా నవ్వింది. నవ్వుతూనే వచ్చి, కొంగు చివరతో ఆ మూడు బొట్లూ తుడిచేసింది.

నేనే అంకుల్, అనాలి. రెండు మాటలు. మహీధర్‌కు మెట్ల కింద పరుపు గుర్తొచ్చింది, ఒక్క షరతు గుర్తొచ్చింది, ఇరవై మంది తలలు ఇప్పుడు తనవైపు తిరిగితే ఎలా ఉంటుందో కూడా తోచింది. నోరు పెగల్లేదు.

అందరూ పైన విస్తళ్ల ముందు కూర్చున్నాక వాడు మెల్లగా కిందికి దిగాడు. ప్లగ్గు పెట్టి, కంప్యూటర్‌ను మార్చిన సెట్టింగులు పట్టించుకోని సేఫ్ మోడ్‌లో లేపి, తను రాసిన అంకెలన్నీ తీసేసి, అరవైకి తెచ్చాడు. తెర చక్కగా వెలిగింది. మానిటర్‌కు ఏమీ కాలేదు. హమ్మయ్య అనుకున్నాడు. ఆపేసి, మళ్లీ ప్లగ్గు పీకి, తీగ ఇందాక ఎలా పడి ఉందో అలాగే పడేసి, పైకెళ్లి బూరెలు వడ్డించాడు. ఆ తీగను అలా పడేయడం ఉంది చూశారూ, భయంలో నోరు మూసుకోవడం వేరు, ఇది వేరు.

మర్నాడు పొద్దున కోటేశ్వరరావు ప్లగ్గు పెట్టాడు. వెలిగింది. "చూశావా, రాత్రంతా ఆరింది. తడేనని నేను చెప్పలా?" అని పైకి వినబడేలా అరిచాడు. మహీధర్ తన గదిలో మంచం మీద కూర్చుని విన్నాడు. అనుమానం అప్పటిదాకా అనుమానమే. తను దొంగతనంగా బాగుచేయడంతో అది రుజువైపోయింది.

పదకొండింటికి డ్యూటీకి బయల్దేరుతుంటే పక్కతలుపు దగ్గర హైమావతి ఆపింది. చేతిలో పులిహోర డబ్బా.

"బాబూ, నీకు ఇవన్నీ తెలుసు గదా. ఒక్క చారే జారింది, అదీ బయటే. నిజంగా నావల్లే అంటావా? ఆయన్నడిగితే కసురుకుంటారు. నువ్వు చెప్పు."

బస్సు టైమవుతోందని వాడు బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "అయ్యుండొచ్చు ఆంటీ" అన్నాడు.

"అంతేలే" అంది ఆమె. డబ్బా వాడి సంచిలో పెట్టింది.

బ్రేక్‌లో ఆ పులిహోర తినకూడదనుకున్నాడు. ఆకలి ఆగలేదు, తిన్నాడు. డబ్బా కడిగి, తుడిచి, మళ్లీ కడిగాడు.

ఆ తర్వాత ఆ ముచ్చట ఊరంతా తిరిగింది. దీపావళికి ఎవరింట్లోనో కలిస్తే, "అభిషేకం సంగతి చెప్పవోయ్" అని అడిగి చెప్పించుకున్నారు. కోటేశ్వరరావు చెడ్డవాడు కాదు, కథ బాగా చెబుతాడంతే. చెప్పినప్పుడల్లా నీళ్లు పెరిగేవి. నాలుగు చుక్కలు గ్లాసెడయ్యాయి, గ్లాసు చెంబయింది. హైమావతి అందరికంటే ముందే నవ్వడం నేర్చుకుంది. మహీధర్‌ను కూడా సాక్ష్యానికి పిలిచేవారు. "నువ్వూ ఉన్నావు గదోయ్?" అంటే వాడు పళ్లికిలించి తలూపేవాడు. అలా ఊపిన ప్రతిసారీ ఇంటికొచ్చి అద్దంలో మొహం చూసుకోవాలంటే అసహ్యం వేసేది. చెప్పేస్తానని లెక్కలేనన్ని సార్లు మెట్లెక్కాడు. ఎక్కినప్పుడల్లా, "అన్నం తిన్నావా బాబూ?" అని ఆమే ముందు అడిగేది, వాడు తిరిగి దిగిపోయేవాడు.

డిసెంబరులో, మంచు మోకాళ్ల దాకా పడ్డ ఒక సాయంత్రం, అనన్య వాడితోపాటు వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ ఉన్నట్టుండి అంది. "మామ్ ఈజ్ నాట్ డూయింగ్ ద కోర్స్. షీ సేస్ మెషీన్స్ హేట్ హర్."

"అంటే?"

"షీ డజంట్ గో ఇన్ దేర్ ఎనీమోర్."

మహీధర్ పార అక్కడే గుచ్చి నిలబడిపోయాడు. అప్పటికి గానీ వాడికి తట్టలేదు, రెండు నెలలుగా ఆంటీ తనను ఏ మెయిలూ చదివి చెప్పమనలేదని. పైకి వెళ్లి అడిగాడు. ఆమె చపాతీలు ఒత్తుతూ, చెయ్యి ఆపకుండా చెప్పింది. "సీటు వచ్చింది బాబూ. జనవరి అయిదులోగా రిజిస్టర్ అవ్వాలట. ఇంక నాకెందుకులే. ఒక బొట్టు సరిగ్గా పెట్టలేనిదాన్ని, ఆ కంప్యూటర్ మీద పరీక్షలేం రాస్తాను? నాకు అవి అచ్చిరావు." నవ్వింది కూడా.

పదమూడేళ్లు ఎదురుచూసిన మనిషి. ఆ నవ్వు చూశాక మహీధర్‌కు ముద్ద దిగలేదు. ఇదంతా తన వెధవ ఎనభై రెండు కోసం.

డిసెంబరు ఆఖరి ఆదివారం ఆ ఇంట్లోనే భోజనాలు. విశ్వనాథం, ఆయన భార్య సీతాదేవి, దసరాకు వచ్చినవాళ్లే ఇంచుమించు అందరూ. కొత్తగా కాల్గరీ నుంచి వచ్చిన జంట ఒకటి ఉంది. వాళ్ల కోసం కోటేశ్వరరావు కథ మొదలుపెట్టాడు. చెంబు దగ్గరికి వచ్చేసరికి, సాంబారు గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న మహీధర్ ఆగిపోయాడు.

"నీళ్లు కాదంకుల్" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "నేనే చేసిన. ఆ రోజు పొద్దున మీ మానిటర్ స్పీడు పెంచిన. మీరు మౌస్ కదిపేసరికి అది తట్టుకోలేదు. ఆంటీది ఏం లేదు."

కోటేశ్వరరావు నవ్వేశాడు. "ఆంటీని వెనకేసుకొస్తున్నావా? మంచిదే, అన్నం పెట్టే చెయ్యి మరి. ఆరగానే వెలిగిందయ్యా బాబూ, నేనే గదా వేసింది."

"మీరందరూ తింటుంటే కిందికి పోయి నేను సరిచేసిన. మళ్లీ ప్లగ్గు పీకి పెట్టిన." గిన్నె బల్ల మీద పెట్టాడు. "కిందికి రండి, చూపిస్తా."

అందరూ దిగారు. హైమావతి మెట్ల మీదే ఆగి, తర్వాత తలుపు దాకా వచ్చింది, గడప దాటలేదు. మహీధర్ కూర్చుని ఎనభై రెండు కొట్టాడు. బొమ్మ వచ్చింది. తెరను నిద్రపుచ్చి, లేపాడు. ఆకుపచ్చ గీతలు రెండుసార్లు తళుక్కుమని, నల్లబడింది. పైన బొట్టు లేదు, చుక్క నీరు లేదు.

"ఐ ఆస్క్డ్ హిమ్ టు" అంది అనన్య, సన్నగా.

"తను అడిగింది వేరు. ఎనభై రెండు నా కొవ్వు" అన్నాడు మహీధర్.

కోటేశ్వరరావు ఆ నల్లటి తెరను చూశాడు. తర్వాత వాడి వీపు మీద ఒక్కటి చరిచి, "అయితే అభిషేకం చేసింది నువ్వన్నమాట" అన్నాడు. గదంతా నవ్వింది. "కుర్రాళ్లు అంతేలెండి" అంది సీతాదేవి. కాల్గరీ ఆయన, అసలు దీన్ని ఎంతవరకు పెంచొచ్చు అని ఆసక్తిగా అడగడం కూడా మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో వాడి తప్పు అయిపోయింది. చెయ్యని తప్పును ఆమె మూడు నెలలు మోసింది. ఆ తేడా తెలిసేసరికి మహీధర్‌కు ఆ వీపు మీద దెబ్బ నిజంగా దెబ్బయినా బాగుండేదనిపించింది.

నవ్వనిది ఒక్క హైమావతే. అందరూ పైకి వెళ్లేదాకా తలుపు దగ్గరే ఉంది.

"మర్నాడు పొద్దున పక్కతలుపు దగ్గర నిన్ను అడిగాను గదా. అప్పటికి నీకు తెలుసా?"

"తెలుసాంటీ."

ఆమె తలూపింది. ఇంకేమైనా అంటుందని వాడు నిలబడ్డాడు. తిడితే కాళ్ల మీద పడిపోదామనే ఉన్నాడు. "పెరుగు వడ్డించాలి" అని ఆమె పైకి వెళ్లిపోయింది.

గది ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు. పులిహోర చేసినప్పుడల్లా డబ్బా వస్తూనే ఉంది. జనవరి మూడున హైమావతి ఆఫీసు గదిలోకి వెళ్లి, అనన్యను పక్కన కూర్చోబెట్టుకుని కోర్సుకు రిజిస్టరైంది. ఎదురుగదిలోంచి మహీధర్‌కు ఆ టైపింగు చప్పుడు వినబడేది, ఒక్కో అక్షరం, చాలాసేపు ఆగి ఇంకో అక్షరం. ఏ క్షణాన్నయినా "బాబూ, ఇదేంటో చూడు" అని పిలుస్తుందని చదువుతున్నది ఆపి చెవులు రిక్కించేవాడు. పిలవలేదు. రెండు టర్ములు పాసైంది, డేకేర్‌లో శిక్షణకు వెళ్లొచ్చింది, పిలవలేదు.

మళ్లీ దసరా వచ్చింది. మళ్లీ శనివారం దాకా ఆగింది. ఈసారి గంధం గిన్నె పట్టుకుని ఆమె వెనక నడిచింది మహీధరే. కారుకు, మిక్సీకి, వయొలిన్‌కు పెట్టింది. వాడి లాప్‌టాప్‌కు పెట్టింది. అడక్కుండానే వాడు బ్యాడ్జీ తీసి ఇస్తే దానికీ పెట్టింది. ఆఫీసు గదిలో మానిటర్ ముందు ఆగింది. వేలు గంధంలో ముంచింది. ఆ వేలు తెర అంచుకు జానెడు దూరంలో నిలిచిపోయింది. గిన్నె పట్టుకుని మహీధర్ ఆమె మోచేతి పక్కనే ఉన్నాడు.

ఆమె మెట్లవైపు తిరిగి, "అనన్యా," అని పిలిచింది, "దీనికి పెట్టొచ్చా అమ్మా?"